సూదమ్మ ఊడవని వాకిలి

అనగనగా ఒక అడవి. అడవిలో ఒక కొండ. ఆ కొండకి ఒక పక్కంతా పచ్చగా, ఇంకో పక్కంతా బోడిగా ఉండేది. ఎందుకు బోడిగా ఉండేదో చెప్తాను, తొందరపడకండి. ముందు అందరూ సర్దుకుని కూర్చోండి. ఊఁ కొట్టేవాళ్ళకే కథ. ఊఁ కొట్టకుండా కునికేవాళ్ళకి నీతి ఒక్కటే చెప్తాను, అది కూడా రేపు పొద్దున్నే.

ఆ బోడి పక్కన ఒక బొరియలో సూదమ్మ అనే ఏదుపంది ఉండేది. ఏదుపంది తెలుసుగా? ఒళ్ళంతా నలుపూ తెలుపూ పొడుగాటి ముళ్ళు ఉంటాయి, అదే. సూదమ్మకి ఇద్దరు పిల్లలు. ఆవిడకి ఊడవడమంటే పిచ్చి. తెల్లారగానే వెనక్కి తిరిగి, తోక ముళ్ళు నేలకి ఆనించి, సర్రు సర్రుమని వాకిలంతా ఊడ్చేసేది. ఒక్క ఎండాకు కనబడితే చాలు, ఒళ్ళు మండిపోయేది. పిల్లలు లోపలికి రావాలంటే కాళ్ళు దులుపుకోవాలి, ముళ్ళు దులుపుకోవాలి. తుమ్మొచ్చినా సరే, బయటికి పోయి తుమ్మి రావాలి. ఇలాంటివాళ్ళు మనింట్లో కూడా ఒకరున్నారు. పేరు చెప్పను. వంటింట్లోంచి వింటున్నారు.

సూదమ్మే కాదు, ఆ కొండ మీద అందరికీ శుభ్రం పిచ్చే. వాళ్ళకొక ఆచారం ఉండేది. ఏటా మాఘ పౌర్ణమి నాడు పొద్దున్నే జంతువులన్నీ ఇల్లిల్లూ తిరిగి వాకిళ్ళు చూసేవి. ఎవరి వాకిలి అద్దంలా మెరుస్తుంటే వాళ్ళది 'అద్దం గడప'. వాగు ఒడ్డున ఐదు నేరేడు చెట్లుండేవి. ఆ ఏడు పండిన నేరేడులో మొదటి గుత్తి అద్దం గడప వాళ్ళకే. వరసగా ఆరేళ్ళు ఆ పేరు సూదమ్మకే దక్కింది. మరి ఊరికే అన్నారా చీపురు సూదమ్మని!

ఈ కథకి మూడేళ్ళ ముందు వేసవిలో కార్చిచ్చు రేగి కొండకి ఒక పక్కంతా మాడిపోయింది. వానలు పడ్డాక బూడిదలోంచి మొక్కలు మొలిచాయి. మొలిస్తే ఏం లాభం? మాఘ పౌర్ణమి వస్తోందంటే చాలు, అందరూ కలిసి వాటిని పీకేసి, ఎండుపుల్లలతో సహా ఊడ్చి వాగులో కలిపేసేవారు. అందుకే ఆ పక్క బోడి అయింది.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. నేరేడు చెట్లు పూశాయి, కానీ కాయలేదు. పూతంతా రాలిపోయింది. రెండో ఏడూ అంతే. జ్యేష్ఠ మాసం వచ్చినా కొమ్మకి ఒక్క పండు లేదు. నేరేడు మీదే బతికే కొండ అది. పిట్టలు మాడాయి, కుందేళ్ళు మాడాయి, అడవిపందులు డొక్కలెగరేశాయి.

కొండముచ్చుల పెద్ద గవరయ్య పలకరాయి మీద కూర్చుని పంచాయితీ పెట్టాడు.

"కడుపులు మాడ్చుకుని కొండని పట్టుకుని వేలాడలేం. పల్లంలోకి వలసపోదాం. అక్కడ చిలగడదుంప చేలున్నాయి" అన్నాడు.

అందరూ సరేనన్నారు. సూదమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"నేను రాను పెద్దయ్యా. మా ఆయన ఆ దుంపల కోసమే పల్లంలోకి దిగాడు. కంచె కింద ఉచ్చు పెట్టారట. మళ్ళీ తిరిగి రాలేదు. నా పిల్లల్ని ఆ దారిన నడిపించలేను" అంది.

అడవిపంది కోరప్పడు గురక పెట్టినట్టు నవ్వాడు. "మరి ఇక్కడుండి ఏం తింటావు వదినా? ఊడ్చిన వాకిలి నాకుతావా?"

సూదమ్మకి రోషం వచ్చింది. రోషం వస్తే నోరు ఆగుతుందా? "ఒక్క ఏడాది ఇవ్వండి. నేరేడు కాయించి చూపిస్తాను!" అనేసింది.

ఎలా కాయిస్తుందో ఆవిడకే తెలీదు. మాట మాత్రం బయటికి వచ్చేసింది.

గవరయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే. ఈ ఏడాది ఆకూ అలమూ తిని నెట్టుకొద్దాం. వచ్చే జ్యేష్ఠానికి మాత్రం కొమ్మ మీద గుత్తి కనబడాలి. కనబడకపోతే అందరికంటే ముందు నువ్వూ, నీ పిల్లలూ పల్లం దారి పట్టాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను" అంది సూదమ్మ. బొరియకి వచ్చి పిల్లల్ని దగ్గరికి తీసుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే నేరేడు చెట్ల కిందికి వెళ్ళి కూలబడింది. "ఏమే చెట్టు తల్లీ, ఎందుకు కాయవు?" అని అడిగింది. చెట్టు పలకలేదు. పైన ఒక ఎండు కొమ్మ మీదనుంచి మాత్రం గుంయ్‌మని చప్పుడైంది.

"చెట్టునెందుకు తిడతావు? అది చేయాల్సింది అది చేసింది."

చూస్తే, ఒక పెద్ద నల్ల తుమ్మెద. ఎండ పడితే దాని రెక్కలు నీలంగా మెరుస్తున్నాయి. పేరు నీలమ్మ.

"పూసిన పువ్వల్లా కాయైపోతుందా సూదమ్మా? పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోయాలి. మోసేది మేము. మా వాళ్ళంతా కొండ విడిచి వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను" అంది నీలమ్మ.

"ఎందుకు వెళ్ళిపోయారత్తా?"

"ఎందుకేమిటి? నేరేడు పూసేది ఎన్నాళ్ళు? మహా అయితే ఇరవై రోజులు. ఇరవై రోజులు విందు పెట్టి మిగతా పదకొండు నెలలు పస్తుండమంటే ఏ చుట్టం ఉంటాడు చెప్పు?"

"అయితే ఏడాది పొడుగునా పూలుంటే మీవాళ్ళు వస్తారా?"

"ప్రతి నెలా ఏదో ఒకటి పూయాలి. అలా పూసిందంటే నేనెక్కడికీ పోను. నా వెనకే మావాళ్ళూ వస్తారు. అయితే ఏ పూలు పెట్టాలంటే..."

వినలేదు! సూదమ్మ అప్పటికే పరుగందుకుంది. సగం విని పరుగెత్తేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, వాళ్ళ పేర్లూ చెప్పను.

అడవి అంచున ఒక బంగళా ఉండేది. అక్కడి తోటమాలి కత్తిరించిన కొమ్మలు గోడ బయట పారేసేవాడు. సూదమ్మ వెళ్ళి చూస్తే ఆహా! ముద్ద మందారాలు, ముద్ద నందివర్ధనాలు, పిడికెడేసి పువ్వులు! నోటికి పట్టినన్ని కొమ్మలు లాక్కొచ్చింది. వాకిలి ముందు గీత గీసినట్టు వరసలుగా గోతులు తవ్వింది. తవ్వడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. కొమ్మలు పాతి, వాలిపోకుండా ఒక్కోదానికి ఒక ఎండు వెదురు ముక్క దన్నుగా నిలబెట్టింది. ఆషాఢం వాన నాలుగు చినుకులు పడేసరికి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. కోరప్పడు కూడా వచ్చి, "పెళ్ళిపందిరిలా ఉంది వదినా!" అని మెచ్చుకున్నాడు.

నీలమ్మ వచ్చింది. ఆకలి మీద వచ్చింది పాపం. ఒక ముద్ద మందారంలోకి దూరింది. రెక్క తోసింది, ఇంకో రెక్క తోసింది, ఇంకో రెక్క. చివరికి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటపడింది. నందివర్ధనంలోనూ అంతే.

"పెళ్ళిపందిరే సూదమ్మా, కాదనను. విస్తట్లో అన్నమే లేదు" అంది.

"అదేంటత్తా! ఇంత లావు పువ్వులు కదా!"

"పుప్పొడి ఉండాల్సిన చోట కూడా రెక్కలే ఉన్నాయి. కంటికి ముద్దగా ఉన్నది మా కడుపుకి ఆనదు. మాకు ఒంటిరెక్క పూలు కావాలి, మా కొండ పూలు కావాలి. తుమ్మి, తంగేడు, గునుగు, వావిలి, జిల్లేడు, అడ్డసరం. ఏటేటా నువ్వు పీకి వాగులో కలిపావు చూడు, అవే!"

"అవి పిచ్చిమొక్కలు కదత్తా!"

"నీకు పిచ్చిమొక్కలు. నాకు పరమాన్నం."

సూదమ్మ తల దించుకుంది. కాసేపే. ఆవిడ పని దగ్గర సిగ్గుపడే రకం కాదు. విత్తనాలెక్కడ దొరుకుతాయని అడిగింది. అవతలి కొండ మీద పోయినేటి ఎండుకాయలు ఇంకా ఉన్నాయంది నీలమ్మ. సూదమ్మకి సంచీ లేదు, బుట్ట లేదు. మరి ఎలా తెచ్చిందంటారు? అవతలి కొండెక్కి, ఎండుపొదల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి దొర్లింది! ఒకసారి కాదు, పూటంతా దొర్లింది. ముల్లు ముల్లుకీ కాయలు, గింజలు, కంకులు గుచ్చుకున్నాయి. ఆ అవతారంతో కొండ దిగుతుంటే గడ్డిమేటు నడిచొస్తోందని కుందేళ్ళు పారిపోయాయి. ఇంటికొచ్చి బోడి నేల మీద నిలబడి ఒక్కసారి ఒళ్ళు విదిలించింది. గలగలమని విత్తనాలు నాలుగు పక్కలా చిమ్మాయి. పిల్లలు చప్పట్లు కొట్టి, "మళ్ళీ అమ్మా, మళ్ళీ!" అన్నారు.

మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ దొర్లింది. మూడు రోజులు అదే పని. కాలిన మొదళ్ళ నుంచి వావిలి, జిల్లేడు, తంగేడు వాటంతటవే చిగురించాయి. వాటిని ఈసారి పీకలేదు, అంతే. అసలు కష్టం ఏమిటో తెలుసా? ఏదుపందికి వేళ్ళంటే ప్రాణం. లేత వేరు వాసన తగిలితే సూదమ్మ నోట్లో నీళ్ళూరేవి. మొక్క దగ్గర కలుపు తీసినప్పుడల్లా మూతి పక్కకి తిప్పుకుని తీసేది.

శ్రావణంలో వావిలి పూసింది. నీలమ్మకి మొదటి భోజనం దొరికింది. ఎవరో ఇద్దరు బంధువులు కూడా వచ్చి చూసి పోయారు. సూదమ్మ ఆనందం పట్టలేక ఆ పూట రెండుసార్లు ఊడ్చుకుంది, వాకిలి కాదు, బొరియ లోపల.

భాద్రపదంలో ఇంకో తప్పు జరిగింది. జిల్లేడు మొక్కలు ఏపుగా పెరిగాయి. ఒక రోజు చూస్తే ఆకులకి కన్నాలు! నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులు కరకరమని నములుతున్నాయి. "ఓరి మీ దుంప తెగ! నేను వేరు కొరక్కుండా నోరు కట్టుకుంటుంటే మీరొచ్చి మేస్తారా!" అని ఒక్కొక్కదాన్నీ ముల్లుతో తీసి వాగులో పడేయడం మొదలుపెట్టింది. సగం మొక్కలు ఖాళీ చేసేసింది. అప్పుడొచ్చింది నీలమ్మ.

"అయ్యో అయ్యో! ఏం చేస్తున్నావే తల్లీ! అవి సీతాకోకచిలుకల పిల్లలు!"

సూదమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఇవా? రెక్కల్లేవు కదత్తా?"

"ఆకు తినకుండా రెక్కలెలా మొలుస్తాయి? నీ పిల్లలు దుంపలు తినకుండానే అంతంత ముళ్ళు పెంచుకున్నారా?"

సూదమ్మ వాగు వైపు చూసింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆవిడ బావురుమంది. తల్లి కదా, ఏం చేసిందో ఒక్కసారిగా తెలిసింది. మిగిలిన పురుగుల్ని ఎవరూ ముట్టకుండా ఆ రోజునుంచి కాపలా కాసింది. "తినండి నాన్నా, బాగా తినండి, ఆకులన్నీ మీవే" అని బతిమాలింది. జిల్లేళ్ళు బోసిపోయాయి, మళ్ళీ చిగురేశాయి. కొన్నాళ్ళకి పచ్చటి గూళ్ళు వేలాడాయి. గూళ్ళు పగిలి నారింజ రంగు సీతాకోకచిలుకలు వచ్చాయి. మొదట వచ్చింది రెక్కలు ఆరబెట్టుకోవడానికి సూదమ్మ ముల్లు మీదే వాలింది. ఆవిడ ఊపిరి బిగబట్టి ఎంతసేపు నిలబడిందో!

ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి చూడాలి ఆ తోట! తెల్లగా తుమ్మి, పచ్చగా తంగేడు, మధ్యమధ్యలో గునుగు కంకులు. నీలమ్మ, దాని చుట్టాలు, సీతాకోకచిలుకలు, పేరు తెలీని చిన్న చిన్న ఈగలు, అందరికీ అక్కడే భోజనం. ముద్ద మందారాల కొమ్మలు ఎప్పుడో ఎండిపోయాయి. వాటికి దన్నుగా పెట్టిన వెదురు ముక్కలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. నీలమ్మ రోజూ ఆ వెదురు చుట్టూ ఏదో పని మీద తిరుగుతుండేది. సూదమ్మ అడగలేదు.

మార్గశిరంలో చలి మొదలైంది. ఒక సాయంత్రం నీలమ్మ నడుచుకుంటూ వచ్చింది. రెక్కలు అంచులు చిరిగి పీలికలయ్యాయి.

"సూదమ్మా, నా వయసు అయిపోయింది. మేము ఏడాది ఒక చుట్టు తిరిగేదాకే బతికేవాళ్ళం" అంది.

"అలా అనకత్తా. నేరేడు పూత చూడొద్దూ?"

"నేను చూడకపోతేనేం. నాకున్నదంతా నీ తోటలోనే దాచాను. జాగ్రత్తగా చూసుకో."

"ఎక్కడ దాచావు? ఏం దాచావు?"

నీలమ్మకి జవాబు చెప్పే ఓపిక లేకపోయింది. ఒక తుమ్మి కొమ్మని పట్టుకుని నిద్రపోయింది. తెల్లారాక లేవలేదు. సూదమ్మ తంగేడు మొదట్లో చిన్న గుంట తవ్వి దాన్ని పడుకోబెట్టి, పసిపిల్లలా ఏడ్చింది.

పుష్యమాసం వచ్చింది. తుమ్మి ఎండిపోయింది. గునుగు కంకులు నల్లబడ్డాయి. ఆకులు రాలి నేలంతా గుట్టలు పడ్డాయి. ఒక మూల అడ్డసరం తెల్లగా పూస్తోంది గానీ, దూరం నుంచి చూస్తే తోట పాడుబడ్డ కొంపలా ఉంది. సూదమ్మ తోక ముళ్ళు దురద పెట్టాయి. ఇన్ని ఎండాకులు వాకిట్లో పెట్టుకుని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ బతకలేదు.

మాఘ పౌర్ణమి దగ్గర పడింది. ఊరుకుంటారా జనం? "ఆరేళ్ళు అద్దం గడప కొట్టిన సూదమ్మేనా ఇది?" అని మొహం మీదే అన్నారు. సూదమ్మకి తల కొట్టేసినట్టయింది. పూలన్నీ అయిపోయాయి, ఇంక ఇవి చెత్తే కదా అనుకుంది. పౌర్ణమి నాడు తెల్లవారుతూనే వాకిట్లోకి వచ్చింది. ముందు ఎండు వెదురు ముక్కలు పీకేద్దామని ఒకటి పట్టుకుని లాగింది. అది పటుక్కున విరిగింది.

విరిగిన వెదురు లోపల ఏముందంటారు? వరసగా గదులు! గదికీ గదికీ మధ్య నమిలిన వెదురు పొట్టుతో కట్టిన సన్నటి గోడ. ఒక్కో గదిలో ముద్దగా చేసి పెట్టిన పుప్పొడి. దాని పక్కన ముడుచుకుని నిద్రపోతున్న ఒక పసిగుడ్డు. వాటిలో పెద్దదానికి అప్పుడే రెక్కలొస్తున్నాయి. ఆ రెక్కలు నీలంగా ఉన్నాయి.

"నాకున్నదంతా నీ తోటలోనే దాచాను" అన్న మాట సూదమ్మ చెవుల్లో గింగురుమంది.

ఆ రెండు ముక్కల్నీ ఎలా ఉన్నవాటిని అలా కలిపి, తీగతో గట్టిగా చుట్టి, మళ్ళీ పాతింది. ఇంకో వెదురు మీద చూస్తే గుండ్రటి కన్నం. దాని పక్కదానికీ కన్నమే. వంగి ఎండాకులు ఒకటి తప్పించి చూసింది. కింద ఆకు రంగులోనే ఒక గూడు. నేల మీద సూది మొనంత కన్నాలు, వాటి అడుగున ఇంకెవరో! తను పీకిన ప్రతి పుల్ల, ఏటేటా ఊడ్చి వాగులో కలిపిన ప్రతి గుట్ట గుర్తొచ్చాయి. కొండ మీద తేనె తాగేవాళ్ళు ఎందుకు మిగల్లేదో ఆవిడకి అప్పుడు తెలిసింది. పస్తుకి కొందరు పోయారు, చీపురుకి మిగతావాళ్ళు పోయారు.

అంతలో ఊరేగింపు రానే వచ్చింది. ముందు గవరయ్య, వెనక కోరప్పడు, ఆ వెనక కొండంతా. సూదమ్మ వాకిలి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. ఒకరు నవ్వారు. ఒకరు నవ్వితే ఇంక అందరూ నవ్వారు.

"పాపం, పిల్లల తల్లి, చేతకాక వదిలేసి ఉంటుంది. మరిదినై ఉండి ఆ మాత్రం సాయం చేయనా! ఒక్కసారి మూతి తిప్పానంటే తోటంతా చదును" అని కోరప్పడు ముట్టె ముందుకు పెట్టి బయల్దేరాడు.

సూదమ్మ వాడికి అడ్డంగా వెళ్ళి నిలబడింది. ఒళ్ళంతా ముళ్ళు ఒక్కసారి లేచాయి. తోక గలగలలాడింది.

"ఒక్క ఎండుపుల్ల ముట్టుకున్నావంటే నీ మూతి జల్లెడ చేస్తాను కోరప్పా!"

చీపురు సూదమ్మ! చెత్త కోసం! కొండంతా నోరు వెళ్ళబెట్టింది.

"ఇది చెత్త కాదు. లోపల పిల్లలు నిద్రపోతున్నారు. నీలమ్మ పిల్లలు. వాళ్ళు లేస్తేనే మన నేరేడు కాస్తుంది. మీరు నవ్వుకోండి, నన్ను ఛీ అనండి, పడతాను. ఒక్క పుల్ల మాత్రం కదలనివ్వను" అంది సూదమ్మ.

కోరప్పడు ముళ్ళ వైపు చూశాడు, తన మూతి తలుచుకున్నాడు, వెనక్కి తగ్గాడు. గవరయ్య తల అడ్డంగా ఊపాడు. "దిగులుతో మతి చలించింది" అని, అద్దం గడప ఒక కుందేలుకిచ్చి, "జ్యేష్ఠం ఎంతో దూరం లేదు సూదమ్మా. వలసకి సిద్ధంగా ఉండు" అని వెళ్ళిపోయాడు.

"అమ్మా, మనం ఓడిపోయామా?" అని పిల్లలు అడిగారు.

"ఆట ఇంకా అవలేదురా" అంది సూదమ్మ. అందేగానీ, ఆ పూట ఆవిడకి దుంప గొంతు దిగలేదు.

ఫాల్గుణం వచ్చింది. కాలిన పక్కన బతికి బట్టకట్టిన ఒక మోదుగ చెట్టు నిండా ఎర్రగా పూసింది. ఎండ కాస్త చురుక్కుమంది. ఒక పొద్దున వెదురు లోపల గరగరమని చప్పుడు! సూదమ్మ, పిల్లలు పరుగెత్తుకొచ్చి చుట్టూ కూర్చున్నారు. కన్నంలోంచి ముందు ఒక నల్లటి తల వచ్చింది. తర్వాత కాళ్ళు. తర్వాత ఎండలో తళుక్కుమని నీలిరెక్కలు!

"మీ అమ్మ పేరు నీలమ్మ" అంది సూదమ్మ.

దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. తీగతో కట్టిన వెదురులోంచి కూడా వచ్చాయి! నేల కన్నాల్లోంచి చిన్న ఈగలు లేచాయి. ఎండాకుల కిందినుంచి సీతాకోకచిలుకలు లేచాయి. అన్నీ కలిసి మోదుగ మీద పడ్డాయి. చైత్రంలో కానుగ పూసింది, ఆ వెంటనే నేరేడూ పూసింది. ఆ వాసనకి ఎక్కడినుంచో కొండ తేనెటీగలు నల్లటి మబ్బులా వచ్చి బండరాతి కింద పట్టు పెట్టాయి. ఐదు నేరేడు చెట్లూ ఒకటే హోరు! గవరయ్యకి పలకరాయి మీద మధ్యాహ్నం కునుకు కూడా పట్టలేదు.

ఇరవై రోజులయ్యాయి. ఒక గాలి వీచింది. నేరేడు పూత జలజలా రాలింది.

కోరప్పడు ఎగిరి గంతేశాడు. "చూశారా! మళ్ళీ రాలిపోయింది! ఏం చెప్పాను!"

అందరి మొహాలూ మాడిపోయాయి. సూదమ్మ మాత్రం మెడ ఎత్తి పైకి చూస్తూనే ఉంది. గవరయ్య చెట్టెక్కి కొమ్మ వంచి చూశాడు. ఇంకో కొమ్మ వంచి మళ్ళీ చూశాడు.

"ఏం పెద్దయ్యా? చెప్పవేం?" అంది సూదమ్మ.

"పిందెలు" అన్నాడు గవరయ్య. "సూదమ్మా! పిందెలే! రాలిన పువ్వల్లా పిందె విడిచి రాలింది! కొమ్మ కొమ్మకీ పిందెలే!" అని అరిచి, ఆనందంలో చెట్టు మీదనుంచి జారి కోరప్పడి వీపు మీద పడ్డాడు. వలస మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

జ్యేష్ఠంలో మొదటి వాన పడేసరికి పళ్ళు నిగనిగలాడాయి. ఎన్ని పళ్ళు! వాగు ఊదారంగు తిరిగింది. పిల్లల నాలుకలు ఊదా, పెద్దల మూతులు ఊదా, కోరప్పడైతే ముట్టె నుంచి తోక దాకా ఊదా. ఆచారం ప్రకారం మొదటి గుత్తి అద్దం గడప కుందేలుకిచ్చాడు గవరయ్య. కుందేలు దాన్ని నోట కరుచుకుని చెంగున గెంతి, తెచ్చి సూదమ్మ కాళ్ళ ముందు పెట్టింది. కొండంతా కేరింతలు కొట్టింది.

సూదమ్మ ఆ గుత్తిలోంచి ఒక పండు తీసింది. నడుచుకుంటూ వెళ్ళి, నీలమ్మని పడుకోబెట్టిన తంగేడు మొదట్లో పెట్టింది. "చూశావా అత్తా" అంది. మిగతావి పిల్లలకి పంచింది.

గవరయ్య సిగ్గుపడుతూ వచ్చాడు. "నిన్ను చూసి నవ్వాం సూదమ్మా. తప్పయిపోయింది. ఇంక అద్దం గడప ఆచారం ఎత్తేద్దాం" అన్నాడు.

"ఎత్తేయడమెందుకు పెద్దయ్యా? గుమ్మం ఊడ్చుకోకపోతే నాకు నిద్రపట్టదు!" అంది సూదమ్మ. "గుమ్మం ఊడ్చుకుందాం. కానీ ప్రతి వాకిట్లో ఒక మూల కొండ మొక్కలు పెట్టాలి. ఆ మూల మాత్రం ఎండినా, రాలినా చీపురు తగలకూడదు. అలాంటి మూల ఉన్నవాళ్ళకే మొదటి గుత్తి."

అందరూ ఒప్పుకున్నారు. ఆ మూలకి 'నీలమ్మ మూల' అని పేరు పెట్టుకున్నారు. మొట్టమొదట ఆ మూలకి గోతులు తవ్విపెట్టింది ఎవరనుకున్నారు? కోరప్పడే! ఇల్లిల్లూ తిరిగి మరీ తవ్వాడు. కొండకి బోడి పక్క లేకుండా పోయింది. సూదమ్మ పిల్లలు అక్కడే పెరిగి, అక్కడే బొరియలు తవ్వుకున్నారు.

అదీ సంగతి. మన పెరట్లో, కరివేపాకు మొక్క వెనకాల, ఆ ఎండు కొమ్మలూ ఆకులూ ఎందుకు తీయనివ్వనో ఇప్పుడు అర్థమైందా? ఆకు మీద పురుగు కనబడితే నన్ను పిలవండి, చెప్పు తీసుకోకండి. ఇంక లేవండి. కథ నేరేడు చెట్టెక్కింది, మనం అన్నానికి వెళ్దాం.

నీతి: మన కంటికి చెత్తగా కనిపించేది ఇంకొకరి ఉయ్యాల కావచ్చు, చిన్న ప్రాణులకి ఏడాదంతా చోటిచ్చినవాళ్ళ చెట్టే నిండుగా కాస్తుంది.